కలకు నిఘంటువు కలదా?

మన బీదరులోని తెలుగు కుటుంబములకు నాలుగు భాషల నడుమ కాపురము క్రొత్త కాదు. ఇంటిలో తెలుగు, కచేరీలో కన్నడము, బజారులో ఉర్దూ, సంతలో మరాఠీ. ఒక వీధిలో మర్యాదయైన మాట ప్రక్క వీధిలో నవ్వులపాలగుట చిన్ననాటినుండి చూచుచున్నవారము. కావున ఒక గుర్తునకు లోకమంతటను ఒకే యర్థమని యెవరైన జెప్పినచో, తక్కినవారు నమ్మవచ్చునేమో గాని మనము నమ్మరాదు. అయినను అట్టి మాట చెప్పెడి నిఘంటువొకటి మన యిండ్లలో ప్రవేశించినది. అది మాటలకు గాదు, కలలకు.

పూర్వము పంచాంగముల వెనుక పుటలలో స్వప్నఫలముల పట్టిక యుండెడిది. ఏనుగు కనబడిన ఐశ్వర్యము, పండ్లూడిన బంధునాశము, తాను చచ్చినట్లు కలగనిన ఆయుర్వృద్ధి. చదువుకొన్న మన పిల్లలు దానిని చూచి నవ్వుదురు. నవ్వుట మంచిదే. కాని ఆ నవ్వు ముగియకముందే వేరొక పట్టికను తెరచి, పామనగా నిది, మెట్లనగా నిది, గొడుగనగా నిది, పెట్టె యనగా నిది యని చదివి తలయూపుచున్నారు. ఈ సంచికను పసివారును చదువుదురు గనుక ‘ఇది’ యనగా నేదియో విప్పి వ్రాయము, పెద్దలకు తెలియును. దాదాపన్నియు స్త్రీపురుషుల మర్మాంగములకు, వారి కలయికకు గుర్తులే. మొదటి పట్టికమీద జ్యోతిష్యుని ముద్ర, రెండవదానిమీద వియన్నా వైద్యుని ముద్ర. మొదటిదానిని నమ్మినవాడు మహా యైన భయపడి గుడికి పోయి దీపము పెట్టి వచ్చెడివాడు. రెండవదానిని నమ్మినవాడు తన తల్లిదండ్రుల ముఖము చూచుటకు సిగ్గుపడుచున్నాడు. అందుచేతనే ఈ వ్యాసము వ్రాయుట.

సిగ్మండ్ ఫ్రాయిడ్ మహాశయునికి అన్యాయము చేయుట మా యుద్దేశము గాదు. ఆయన స్వప్నగ్రంథము 1899 నవంబరులో వెలువడినది. పుస్తకముమీద మాత్రము 1900 అని వేసిరి. అచ్చొత్తిన 600 ప్రతులు చెల్లుటకు ఎనిమిదేండ్లు పట్టినది. ఆ మొదటి కూర్పులో, కలగన్నవానిని ఎదుట నుంచుకొని, కలలోని ఒక్కొక్క తునకను గూర్చి నీకేమి తోచుచున్నదని యడుగుటయే ముఖ్యమైన పద్ధతి. అది మాకును సమ్మతమే. అందు చెప్పువాడు కలగన్నవాడు, వినువాడు వైద్యుడు. చిక్కు తరువాత వచ్చినది. 1909, 1911 కూర్పులలో ప్రతీకల సంఖ్య పెరిగి, 1914 నాటికి వానికొక ప్రత్యేక విభాగమే యేర్పడెను. విల్‌హెల్మ్ స్టెకెల్ అను శిష్యుని ప్రోద్బలము ఇందు చాల గలదని ఫ్రాయిడే ఒప్పుకొనెను. ఆ స్టెకెల్ కేవలము స్ఫురణచేత అర్థములు చెప్పువాడనియు, ఆ పద్ధతి నమ్మదగినది కాదనియు తానే వ్రాసెను. వ్రాసియు పట్టికను మాత్రము విడువలేదు. 1915 మొదలు 1917 వరకు ఇచ్చిన ఉపన్యాసములలో, కలలోని కొన్ని వస్తువులను గూర్చి రోగికి ఏమియు తోచదనియు, అట్టి చోట వైద్యుడే తెలిసిన అర్థమును పూరింపవలెననియు బోధించెను.

చదువరులు ఇచ్చట నొక క్షణమాగవలెను. కలగన్నవాడు మూగవాడైన చోట వైద్యుడు మాటలాడునట! ఆ మాట సరియో కాదో చెప్పగలవాడు ఎవడు?

కొన్ని సంవత్సరముల క్రిందట మాకు తెలిసిన ఒక యింట జరిగిన సంగతి చెప్పెదము. పేరులు అనవసరము. ఇంటి యజమాని ఉద్యోగములో నుండగనే గుండెపోటుతో పోయెను. పెద్దకూతురు కళాశాలలో చదువుచుండెను. రెండు నెలలు గడచిన పిమ్మట ఆ పిల్లకు ఒకే కల మరల మరల రాసాగెను. తాను మిద్దెమెట్లు ఎక్కుచుండును. పైగది తలుపునకు తాళము. చేతిలో తాళపుచెవుల గుత్తి, ఒక్కటియు పట్టదు. క్రిందనుండి ఎవరో పిలుతురు. మెలకువ వచ్చును. నిద్ర చెడి పిల్ల చిక్కిపోగా, ఎవరో చెప్పిరని పొరుగు పట్టణములో నొక సలహాదారు కడకు గొనిపోయిరి. ఆయన రెండుసార్లు మాటలాడి, మెట్లకు, తాళమునకు, తాళపుచెవికి పట్టికలోని యర్థములు చెప్పి, వానిని తండ్రితో ముడివెట్టి, నీకు తెలియని కోరిక నీ మనస్సున నున్నదనెను. పిల్ల కాదని యేడ్చెను. ఆ యేడుపే నిదర్శనమని ఆయన యనెను.

ఆనాటినుండి ఆ పిల్ల తండ్రి పటమునకు పూలు పెట్టుట మానెను. ఏలనో తల్లికి తెలియదు. పిల్ల చెప్పదు.

మేము ఆ యింటికి పోయినది వేరొక పనిమీద. కుటుంబ పింఛను కాగితములు కదలుటలేదని తల్లి కబురంపగా, ముప్పదియేండ్లు గుమాస్తాగిరి చేసినవారము గనుక చేతనైన సాయము చేయబోతిమి. సేవాపుస్తకపు నకలు, ఇంటి దస్తావేజు ఎక్కడ నున్నవని యడిగితిమి. మిద్దెమీది గదిలో ఇనుపపెట్టెలో నున్నవి, తాళపుచెవి ఆయన యెక్కడ పెట్టెడివారో ఎవరికిని చెప్పలేదు, ఐదు నెలలుగా వెదకుచున్నాము, దినమునకు పదిసార్లు ఈ పిల్లనే పైకి తరుముచున్నానని ఆ తల్లి చెప్పెను. పిల్ల గుమ్మమునొద్ద నిలుచుండి వినుచుండెను. కల సంగతి మాకప్పటికి తెలియదు. సలహాదారు సంగతియు తెలియదు. అవి పిమ్మట కొంతకాలమునకు ఆ పిల్లయే తల్లితో చెప్పగా బయటపడినవి. తాళములు బాగుచేయువానిని పిలిపించి పెట్టె తెరపించితిమి. ఆ రాత్రినుండి కల నిలిచిపోయెనని కట్టుకథ చెప్పము; కొన్నాళ్లు వచ్చుచునే యుండెనట. మేమనునది ఇంతమాత్రమే. ఆ సలహాదారు అంత విద్య నేర్చియు, ‘అమ్మా, మీ యింటిలో తాళపుచెవి యేదైన పోయినదా?’ యని యడుగలేదు.

ఒక మనుష్యుడు చేసిన తప్పును శాస్త్రముమీద వేయుట తగునా యని యడుగుదురు. తగదు, ఆ శాస్త్రములో ఆ తప్పును పట్టు ఉపాయమున్నచో. ఫ్రాయిడ్ గ్రంథములోనే ఒక ముచ్చట గలదు. ప్రతి కలయు కోరిక తీరుటయే యని ఆయన ఒక తెలివిగల స్త్రీకి వివరించెను. ఆమె మరునాడే యొక కల తెచ్చెను: వేసవి గడుపుటకు అత్తగారితో గూడి పల్లెకు పోవుచున్నట్లు! నిజమునకు ఆమె అత్తగారి పొరుగున వేసవి గడుపుట తప్పించుకొనుటకై వేరొక చోట బస కుదుర్చుకొనియుండెను. ఇది యే కోరిక తీరుట? ఫ్రాయిడ్ సమాధానము: నేను చెప్పినది తప్పు కావలెనని ఆమె కోరిక, ఆ కోరికను కల తీర్చినది. మన యాడువారికి ఈ కథ చెప్పి చూడుడు, అత్తగారును కోడలును కలిసి నవ్వుదురు.

కార్యాలయములో మాకొక మాట యుండెడిది. అర్జీదారు ‘అవును’ అన్నను మంజూరు, ‘కాదు’ అన్నను మంజూరు అయినచో, అది విచారణ గాదు, ముందే వ్రాసియుంచిన ఉత్తరువు. కార్ల్ పాపర్ అను తత్త్వవేత్త 1963లో వెలువరించిన గ్రంథమున ఈ మాటనే పండితభాషలో చెప్పెను: ఏ సాక్ష్యముచేతను తప్పని తేలుటకు వీలులేని సిద్ధాంతము విజ్ఞానశాస్త్రము కానేరదు. అడాల్ఫ్ గ్రున్‌బామ్ 1984లో వేరొక త్రోవ ద్రొక్కెను. సిద్ధాంతమును పరీక్షింపవచ్చును గాని, వైద్యుని గదిలో రోగి చెప్పునది వైద్యుని సూచనలచేత నిదివరకే రంగు పట్టియుండును గనుక అది సాక్ష్యమునకు పనికిరాదని ఆయన వాదము. ఇరువురికిని పొత్తు కుదరదు. ఎవరిది నిజమైనను మన సలహాదారు నిలువడు.

ఇప్పుడు మన యూరి కల నొకటి చూతము. అహ్మద్ షా బహమనీ 1422లో గద్దె నెక్కి, తరువాత రాజధానిని గుల్బర్గానుండి బీదరునకు మార్చినవాడు. గద్దె యెక్కుటకు ముందు అన్నయగు ఫిరోజ్ షాతో వైరము వచ్చి, ప్రాణభయముతో నుండిన దినములలో ఆయనకొక కల వచ్చెనని ఫెరిష్తా చరిత్రలో గలదు. ఒక ఫకీరు పండ్రెండు కోణముల ఆకుపచ్చని కిరీటము తెచ్చి తలమీద నుంచెనట. పిమ్మట కిర్మాను ప్రాంతపు మహనీయుడైన షా నిమతుల్లా వలీ యొద్దనుండి శిష్యుడొకడు అట్టి కిరీటమునే తీసికొనివచ్చెనట. వియన్నా పట్టికను విప్పుడు. టోపీ పురుషుని మర్మాంగమునకు గుర్తు. 1911లో ఫ్రాయిడ్ చేర్చినది. రాజనగా తండ్రి. అన్న యనగా మరల తండ్రియే. ఇంకేమున్నది, వ్యాఖ్య సిద్ధము! సింహాసనముకొరకు పోరాడుచు, ఓడినచో తల పోవునని యెరిగిన మనుష్యునికి ఆ తలమీద కిరీటమున్నట్లు కల వచ్చుటకు గూఢార్థము గావలెనా? పండ్రెండు కోణములకును మర్మములోనికి దిగనక్కరలేదు. పండ్రెండుగురు ఇమాములను కొలుచువారికి ఆ సంఖ్య విప్పి చెప్పనవసరము లేని సంఖ్య. కల నిజముగా వచ్చెనో, గద్దె యెక్కిన పిమ్మట ఆస్థానములో కూర్చబడెనో, అది చరిత్రకారులు తేల్చుకొనవలసిన ప్రశ్న. రెండు విధములను దాని యర్థము బయటనే యున్నది, కప్పుకొన్నది కాదు. అష్టూరులోని ఆయన సమాధి కడకు ఏటేట జాతరకు పోవు మనవారు, లింగాయత జంగమయ్య ముందు నడువగా హిందువులును మహమ్మదీయులును కలిసి పోవుట చూచినవారే. అంతటి ప్రజాసమ్మతము గల రాజును మంచముమీద పరుండబెట్టి చికిత్స చేయుట మాకు రుచింపదు.

నీరనగా జననము, సొరంగమనగా తల్లిగర్భము. ఇదియు పట్టికలోనిదే. మన నరసింహ ఝరణి గుహలో నడుములోతు నీటిలో, చీకటిసొరంగమున, గబ్బిలముల క్రింద నడచి స్వామిని సేవించి వచ్చిన పిల్లవానికి ఆ రాత్రి నీటిలో, చీకటిలో నడచినట్లు కల వచ్చినచో ఎవరికైన వింతయా? నౌబాదులో భూమిక్రింద బహమనీల కాలపు నీటికాలువ పోవుచున్నది, పైన నూతుల వంటి రంధ్రములు. దాని ప్రక్కన ఆడుకొన్న బిడ్డలకు బావిలో పడినట్లు కలలు రాకపోయిన ఆశ్చర్యపడవలెను. బీదరెరుగని వైద్యుడు వీనిని గర్భవాసముగా చదువును. ఎర్రమురమనేలకు ఆవల నల్లరేగడి చేలలో పనిచేయువాడు శ్రావణమాసమున పామును కలగనును. ఆ నెలలో పాము పుట్టలో నుండదు, గట్టుమీద నుండును, పంచమినాడు పాలుపోసి మ్రొక్కినదియు అప్పుడే.

ప్రయాణమున బయలుదేరుట మరణమునకు గుర్తట. 1956 నవంబరు 1వ తేదిన మన జిల్లాను పంచిరి. జహీరాబాదు, నారాయణఖేడ్ ఆంధ్రప్రదేశమునకు పోయినవి, నేడవి తెలంగాణములో నున్నవి. బీదరు మైసూరునకు చేరెను. ఆడపడుచు లావల, పుట్టిండ్లావల, మనమీవల. వికారాబాదు రైలు ఎక్కినట్లు కలగనని ముసలమ్మ మనలో నున్నదా? ఆమెకు చావు కోరిక గలదని చెప్పువాడు మొదట పటము చూడవలెను.

భాషను గూర్చి కొంచెము నిలిచి చెప్పవలెను, ఏలన ఇది మన విషయము. ఫ్రాయిడ్ తన ప్రతీకలకు భాషనే సాక్ష్యము తెచ్చెను. జర్మనులో స్త్రీని ‘ఫ్రావెన్‌త్సిమ్మర్’ అందురు. ‘త్సిమ్మర్’ అనగా గది. కావున కలలో గది స్త్రీ. జర్మను రానివాడు ఏమి కావలెను? మన ‘ఇల్లాలు’ అను మాటలోను ఇల్లున్నది గదా యని తెలివిగలవాడెవడైన అనవచ్చును. ఉన్నది. కాని మన కన్నడిగ మిత్రుని ‘హెండతి’లో ఇల్లు లేదు, మన ఉర్దూ మిత్రుని ‘బీవీ’లో గది లేదు. ఒకే వీధిలో ముగ్గురు ఒకే గదిని కలగనినచో మూడు నిఘంటువులు కావలెను గాని, విశ్వమంతటికిని ఒక్కటి చాలదు. ఒక్క మాట తప్పుగా మారినచో నేమగునో ఫ్రాయిడ్ స్వయముగా చూపెను. 1910లో చిత్రకారుడు లియొనార్డో డా విన్చిని గూర్చి వ్రాసిన గ్రంథమున, ఆయన శైశవస్మృతిలో తొట్టిమీద వ్రాలిన పక్షిని రాబందుగా దీసికొని, ఈజిప్టువారి రాబందుముఖపు మాతృదేవతవరకు పోయి, ఆ చిత్రకారుని జీవితమునే వివరించెను. మూలములోని ఇటాలియను మాట ‘నిబ్బియో’. అది రాబందు గాదు, గ్రద్ద. జర్మను అనువాదములో దొరలిన పొరపాటని 1923లోనే బయటపడినది. నిజాముకాలపు ఉర్దూ దస్త్రమును కన్నడములోనికి మార్చునపుడు ఒక్క మాట తప్పినచో పొలము గట్టు మారునని మాబోటి గుమాస్తాలకు తెలియును. అక్కడ గ్రద్దయైనను అర్థము అట్లే నిలుచునని వాదించిన భక్తులు లేకపోలేదు. పక్షి మారినను ఫలము మారనిచో, పక్షిని చూడనేల?

మన కవుల కలలను ఈ త్రాసున దూచిన వినోదముగా నుండును. తిక్కన సోమయాజికి విరాటపర్వారంభమున తండ్రి కొమ్మన కలలో కనబడి హరిహరనాథుని యనుగ్రహమును తెలిపెను. తండ్రి! పట్టికవారికి పండుగ! కృష్ణదేవరాయలకు కళింగదండయాత్రలో కృష్ణాతీరపు శ్రీకాకుళమున ఆంధ్రవిష్ణువు స్వప్నమున సాక్షాత్కరించి ఆముక్తమాల్యదను తెలుగున రచింపుమనెను. మాతృభాష గనుక మరల తల్లి! పదుమూడవ శతాబ్దపు నెల్లూరిలో శైవవైష్ణవుల కలహము నెరిగినవానికి హరిహరనాథుడేల వచ్చెనో తెలియును. తుళువవంశపు రాజు తెలుగునేల ఎన్నుకొనెనో, పరభాషాప్రాంతమున బ్రదుకు మనకు మరింత బాగుగ తెలియును. అవతారికలోని స్వప్నము సభలో చదువబడుటకు పుట్టినది. అందు దాచిన దేమియు లేదు. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ని, గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ను ఈ పట్టికతోనే చదివి ముగించు విమర్శకులును గలరు. ఆ నవలలు అంతకంటె పెద్దవి.

మనదేశమువారు అందరును ఆ పట్టికకు తలయొగ్గిరని యనుకొనరాదు. కలకత్తాలో 1922లో మనోవిశ్లేషణ సంఘమును స్థాపించిన గిరీంద్రశేఖర బోస్ ఫ్రాయిడుతో చాలయేండ్లు ఉత్తరప్రత్యుత్తరములు జరిపెను. 1931లో ఆయన డెబ్బదియైదవ జన్మదినమునకు దంతపు విష్ణుమూర్తిని పంపిరి. అది వియన్నాలో ఆయన బల్లమీద నిలిచెను. అయినను ఐరోపా రోగులలో కనబడు కొన్ని భయములు తన భారతీయ రోగులలో అంతగా కనబడుటలేదని బోస్ 1929లో నిర్మొగమాటముగ వ్రాసెను. ఫ్రాయిడ్ విగ్రహమును మెచ్చుకొనెను. మాటను అంతగా లెక్కపెట్టలేదు.

ఇంకొకటి గూడ చెప్పక తప్పదు. వినాయకుని తొండమునకు ఈ పద్ధతిని అర్థము చెప్పిన పాల్ కోర్ట్‌రైట్ గ్రంథము 1985లో వెలువడి, 2003లో మనదేశమున పెద్ద గలభాయై, ఇచ్చటి ప్రచురణకర్తలు దానిని ఉపసంహరించుకొనిరి. మనవారు కొందరు జయమనిరి. ఏమి జయము? ఆ వ్యాఖ్యకు ఆధారమేమని యడిగి సమాధానము రాబట్టియున్నచో జయము. పుస్తకమును అంగడినుండి తీయించినవారు ఆ ప్రశ్నను గూడ తీసివేసిరి.

నిద్రను కొలిచి చూచినవారు వేరుగ నున్నారు. 1953లో అమెరికాలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనువారు నిద్రలో కనుగ్రుడ్లు వేగముగా కదలు వేళలను గుర్తించి, అప్పుడు లేపినవారు ఎక్కువగా కలలు చెప్పుదురని కనుగొనిరి. 1977లో హాబ్సన్, మెక్‌కార్లీ అనువారు, మెదడు అడుగుభాగమునుండి లేచు సంకేతములకు పైభాగము కథ యల్లుటయే కల యనిరి. అది పూర్తిగా సరికాదని, ఆశకు సంబంధించిన నాడీమార్గములకు కలలో పాలు గలదని మార్క్ సోల్మ్స్ తరువాత చూపెను. ఇది ఫ్రాయిడునకు కొంత అనుకూలమే, దాచనేల? కాని కోరికకు కలతో చుట్టరికమున్నదనుట వేరు, గొడుగునకు ఫలానా యర్థమనుట వేరు. రెండవదానికి ఆ మార్గములలో సాక్ష్యము లేదు. కాల్విన్ హాల్, వాన్ డి కాసిల్ అనువారు విద్యార్థుల కలలు వేయింటిని వర్గములుగా లెక్కించి 1966లో గ్రంథముగా వెలువరించిరి. ఎవరు వచ్చిరి, ఎచ్చట, కలహమా స్నేహమా యని లెక్క. అటుపిమ్మట ఆ త్రోవన జరిగిన పరిశోధనలలో కలలలో ఎక్కువగా కనబడినవి మనుష్యుని పగటి చింతలే.

ఇది మనకు క్రొత్త గాదు. చరకసంహిత ఇంద్రియస్థానమున కలలు ఏడు విధములని గలదు: చూచినది, విన్నది, అనుభవించినది, కోరినది, ఊహించినది, కాబోవునది, దోషమువలన పుట్టినది. మొదటి యైదును నిష్ఫలములనియు, పగటికలయు, మిక్కిలి పొట్టిదియు, మిక్కిలి పొడుగైనదియు నట్లేయనియు ఆ వైద్యుడు త్రోసివేసెను. ‘కోరినది’ ఆ జాబితాలో నాలుగవది; ఫ్రాయిడ్ దానినొక్కదానినే పట్టుకొని తక్కిన ఆరింటిని మ్రింగించెను. ‘కాబోవునది’ యను ఆరవదానిని మేమును నమ్మము. చరకుని పేరు చెప్పి పంచాంగపు పట్టికను దొడ్డిదారిన లోపలికి దెచ్చుట మాకిష్టము లేదు.

కడపట ఒక మనవి. మన సంఘములోని పెద్దల కలలను వ్రాసియుంచుటకు మేమొక పుస్తకము పెట్టితిమి. రూళ్లు మేమే గీసితిమి. తేది, కలగన్నవారి వయస్సు, కల వారి మాటలలోనే, ముందటి దినము చేసిన పనులు, ఇంటిలో పోయిన లేక వెదకుచున్న వస్తువులు, కలలో మాటలాడిన భాష. ‘ఫలము’ అను గడి లేదు. పేరు వ్రాయము. వ్రాయించ దలచినవారు సంఘపు నెలసమావేశమునకు వచ్చినపుడు మమ్ము పిలువవచ్చును. ఇప్పటికి చేరినవానిలో పాముల కలలు ఎక్కువగా శ్రావణమాసములోనివి. పండ్లూడినట్లు కలగని, బంధువులకు కీడని బెదరుచు వచ్చి వ్రాయించిన పెద్దమ్మగారిని ముందటి దినపు గడి నింపుటకై యడుగగా, దంతవైద్యుడు మరునాటికి రమ్మనెనని చెప్పిరి.